పండుగప్పకి కయాక్ పనికొస్తుందా? కోనసీమ పాయల్లో వాడాక రాస్తున్న రివ్యూ

ముందు అసలు మాట చెప్పేస్తానండి. పండుగప్ప చేపకి గేలం వేయడానికి వెళ్ళేవాళ్ళకి, అదీ మన కోనసీమ కింద ఉప్పునీళ్ళ పాయల్లో తిరిగేవాళ్ళకి, పదడుగుల సిట్-ఆన్-టాప్ కయాక్, అంటే పైన కూర్చుని తెడ్డుతో నడిపే చిన్న పడవ, చాలా మంచి కొనుగోలు. కాకపోతే కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టు వాడితే సగం ఉపయోగమే, కొన్ని మార్పులు చేసుకోవాలి, వాటికి ఇంకో ఐదారు వేలు పక్కన పెట్టుకోవాలి. కొన్న వారంలో రాసే రివ్యూల్లో తుప్పు సంగతి ఉండదు, సీటు సంగతి ఉండదు, అందుకే ఒక వరద సీజనూ ఒక ఎండాకాలమూ పూర్తిగా గడిచేదాకా ఆగి రాస్తున్నా.

బ్రాండ్ పేరు రాయట్లేదు. ఇంచుమించు ఇదే కొలతల్లో, ఇదే ఆకారంలో రకరకాల పేర్లతో బోట్లు దొరుకుతున్నాయి, నేను చెప్పేది ఆ రకం మొత్తానికి సరిపోతుంది. నాది పొడవు 10 అడుగులు, వెడల్పు 31 అంగుళాలు, ఖాళీ బరువు 26 కిలోలు. 150 కిలోల దాకా మోస్తుందని రాశారు గానీ అంత ఎక్కిస్తే వెనకాల కన్నాల్లోంచి నీళ్ళు పైకొచ్చి కూర్చున్న చోటు తడిసిపోతుంది, మనిషీ సామానూ కలిపి 100, 110 కిలోల్లో ఉంటే హాయిగా తేలుతుంది. పాలీఇథిలీన్ ప్లాస్టిక్, అచ్చులో ఒకే ముక్కగా పోసింది, అతుకులుండవు. లోపల కాళ్ళు దూర్చి కూర్చునే రకం కాదు ఇది, పైన కూర్చోవాలి, మీద పడ్డ నీళ్ళు అడుగుదాకా ఉన్న స్కప్పర్ కన్నాల్లోంచి వాటంతట అవే దిగిపోతాయి. బోల్తా పడినా నిండి మునిగిపోదు, తిరగేసి మళ్ళీ ఎక్కొచ్చు. రవాణాతో కలిపి నాకు 45 వేలు దాటింది.

పార్సెల్‌లో వచ్చేప్పుడు అడుగున అరచేతంత సొట్ట పడింది, ఆ సర్వీసు వాళ్ళు మాకు సంబంధం లేదన్నారు. మధ్యాహ్నం ఎండలో బోర్లా పెడితే సాయంత్రానికి చాలామటుకు అదే సర్దుకుంది. ఈ ప్లాస్టిక్ గుణం అది, వేడెక్కితే మెత్తబడి పోతపోసిన ఆకారానికి తిరిగొస్తుంది. అదే గుణం వల్ల కారు పైన తాళ్ళు గట్టిగా బిగించి ఎండలో వదిలేస్తే కొత్త సొట్టలు కూడా పడతాయి కాబట్టి బోర్లా కట్టండి, కదలకుండా ఉంటే చాలు, మరీ బిగించకండి.

ఇక పండుగప్పకి కయాకే ఎందుకు అనేది. అమెరికాలో నదుల్లో కెనూలూ కయాక్‌లూ వేసుకుని బాస్ పడతారు కదా, ఆ వీడియోలు చూసే మనవాళ్ళలో చాలామందికి ఈ కోరిక పుడుతోంది. అక్కడి స్మాల్‌మౌత్ బాస్ మంచినీళ్ళ చేప, మన గోదావరిలో ఉండదు. మనకున్నది పండుగప్ప, ఆస్ట్రేలియా వాళ్ళు బారామండి అని వెర్రెక్కిపోయేది ఈ చేప కోసమే. రెండూ వేరు వేరు జాతులే గానీ వేటాడే తీరులో పోలిక ఉంది, ప్రవాహంలో ఊరికే ఎదురీది అలిసిపోవు, రాయో స్తంభమో పడిపోయిన మానో అడ్డం పెట్టుకుని దాని పక్కన నెమ్మదిగా ఉండే నీళ్ళలో నిలబడి, కొట్టుకొచ్చే తిండి కోసం చూస్తాయి. కాబట్టి ఆ అడ్డం దగ్గరికి చప్పుడు లేకుండా వెళ్ళగలిగినవాడికే చేప.

మన పాయల్లో ఆ అడ్డాలు ఏంటో ఇక్కడ పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వంతెన స్తంభాలు, పాత రేవు మెట్లు, గట్టు కోసుకుపోయి నీళ్ళలోకి ఒరిగిన కొబ్బరి మొద్దులు, మడ చెట్ల వేర్లు, రొయ్యల చెరువుల తూములు. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠలుగా విడిపోయి, వసిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ చీలి, అవన్నీ సముద్రం దగ్గరపడేకొద్దీ ఎడాపెడా చిన్న చిన్న కాలవలు పడతాయి కదా, యానాం కింద, ఓడలరేవు వైపు, అంతర్వేది వైపు. ఆ చిన్న కాలవల్లోకి ఇంజను బోటు వెళ్ళినా ఆ డగడగకి ఉన్న చేప కాస్తా ఉండదు. నాటు పడవ వెళ్తుంది, మన జాలర్లు దాన్ని ఎంత నిశ్శబ్దంగా నడుపుతారో చూస్తే ముచ్చటేస్తుంది, కానీ అది ఒకడే ఎత్తి కారు మీద పెట్టుకుని పోయేది కాదు, ఒంటరిగా తెడ్డు వేస్తూ గేలం వేయడం అలవాటు లేనివాళ్ళకి కుదిరే పని కాదు. కయాక్‌కి జానెడు నీళ్ళుంటే చాలు. మడ వేర్లకి బారెడు దూరంలో ఆపుకుని కూర్చుంటే పక్కనే కొంగ కూడా ఎగిరిపోదు.

పోటు అంటే సముద్రపు నీళ్ళు పాయల్లోకి ఎక్కడం, పాటు అంటే అవి తిరిగి దిగడం, ఈ రెండూ తెలియకుండా ఈ బోటు కొని లాభం లేదు. ఓడలరేవు దగ్గర ఒక పెద్దాయన నావకి తారు పూసుకుంటూ, నేను పోటు నీళ్ళలో తెడ్డేస్తూ పోవడం చూసి, "అబ్బాయ్, పోటులో చేప ఊరంతా తిరుగుద్ది, ఎక్కడని ఎతుకుతావ్, పాటు తీసేప్పుడు కాలవ మొగలో కూర్చో, అదే వస్తది" అన్నాడు. మొగ అంటే చిన్న కాలవ వచ్చి పెద్ద నీళ్ళలో కలిసే చోటు. ఏ మొగ బాబాయ్ అని అడిగితే వేలు పెట్టి చూపించాడు. ఆ మాట అక్షరాలా నిజం. పోటుకి నీళ్ళు మడల్లోకి ఎక్కినప్పుడు రొయ్య పిల్లలూ కొయ్యంగ పిల్లలూ వేర్ల మధ్యకి పోతాయి, పాటు మొదలయ్యాక అవన్నీ ఆ చిన్న కాలవ నోట్లోంచే బయటికి రావాలి, పండుగప్ప అక్కడే కాపు కాస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది, పాటు లాగుడూ పెద్దదే, కయాక్ నిలవడం కష్టం. ఆ రెండూ పోయాక మూడు నాలుగు రోజులకి లాగుడు కాస్త తగ్గుతుంది, కొత్తవాళ్ళు అప్పుడు మొదలుపెడితే బావుంటుంది. అష్టమి రోజుల్లో నీళ్ళు మరీ మందంగా ఉంటాయి, చేప కూడా మందమే.

ఆ కాలవ మొగలో ఏం జరుగుద్దో ఒక్కటి చెప్తా. నీళ్ళు దిగుతూ ఉంటాయి, బురద గట్టు మీద తడి గీత ఒక్కో అంగుళం బయటపడుతూ ఉంటుంది, కాలవలోంచి వచ్చే గోధుమరంగు నీళ్ళూ పెద్ద పాయలోని పచ్చ నీళ్ళూ కలిసే చోట ఒక గీత కనిపిస్తుంది, ఆ గీత మీద చిన్న రొయ్యలు టపటపా పైకెగురుతాయి, వెంటనే "బుప్" మని ఒక చప్పుడు, నోరు తెరిచి నీళ్ళతో సహా లోపలికి లాగేసుకునే చప్పుడు అది. ఒకసారి విన్నారంటే ఇక మర్చిపోరు. ల్యూర్‌ని, అంటే చేప పిల్లలా ఉండే బొమ్మ ఎరని, ఆ గీతకి అవతల వేసి పాటు తోసే వేగానికే రానిచ్చి, ఒక కుదుపు, ఆపడం, ఇంకో కుదుపు. ఎక్కువసార్లు ఆపినప్పుడే కొడుతుంది. కొట్టాక మొదటి పరుగు అడ్డం వైపే, మడ వేర్లలోకి. గట్టు మీద నిలబడి లాగేవాడికి దారం తెగడం ఇక్కడే, కయాక్ మీద అయితే పడవే చేప వైపు జరుగుతుంది కాబట్టి దారం మీద ఒక్కసారిగా బరువు పడదు, పడవ ముక్కు తిప్పుకుంటూ దాని వెనకే నాలుగు బారలు పోయి ఈలోపు కాలు కిందపెట్టి బురదలో ఆనించి ఆపుకోవచ్చు. తర్వాత పైకి లేచి తల విదిలిస్తుంది, ఎర్రటి మొప్పలు విచ్చుకుని గలగలమంటాయి. ఆ మొప్ప మూతల అంచు కత్తిలాగా ఉంటుంది, చేయి పెట్టకండి, దారానికి చివర లీడర్, అంటే మందపాటి దారం ముక్క, తప్పనిసరి. నేను 20 పౌండ్ల బ్రెయిడ్‌కి (అల్లిక దారం) లీడర్‌గా 40 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం ఒక బార కడతాను.

గేర్ గురించి రెండు ముక్కలు. రీలు షిమానో సియెన్నా 4000, ఖరీదైనది కాదు, ఉప్పునీళ్ళలో తిరిగొచ్చాక మంచినీళ్ళతో కడిగి ఆరబెడుతున్నా, ఇంతవరకు మృదువుగానే తిరుగుతోంది. ల్యూర్లలో రపాలా ఎక్స్-రాప్ 10 నాకు బాగా నచ్చింది, మన పాయల లోతుకి సరిపోతుంది, ఆపినప్పుడు అక్కడే నీళ్ళలో వేలాడినట్టు ఉండిపోతుంది, పండుగప్పకి కావలసింది అదే. ల్యూర్లు వద్దనుకుంటే బతికున్న రొయ్య తోకకి గేలం గుచ్చి బెండు కింద వదలండి, మన తాతల నాటి పద్ధతి, దీన్ని మించింది లేదు. రాడ్డు ఆరున్నర అడుగులు దాటితే కూర్చుని వేయడానికి మడ కొమ్మలు అడ్డొస్తాయి.

సరే బోటు లోపాలకి వస్తా. అన్నిటికన్నా పెద్దది సీటు. కూడా ఇచ్చింది పల్చటి ఫోము దిండు, వెనక ఆనుకోడానికి నాలుగు పట్టీలు. గంట దాటితే నడుం పట్టేస్తుంది, పైగా కింద ఎప్పుడూ తడే. అల్యూమినియం ఫ్రేముతో ఎత్తుగా ఉండే సీటు విడిగా కొని బిగించాను, నడుం నొప్పి తీరింది, ఇంకో లాభం ఏంటంటే నాలుగంగుళాలు ఎత్తు పెరిగేసరికి నీళ్ళలోకి చూపు బాగా ఆనుతోంది. ఎత్తు పెరిగితే తూలుడు కూడా కాస్త పెరుగుతుంది, అది తెలుసుకుని వాడాలి. లావుగా ఉండేవాళ్ళూ, నిలబడి వేద్దాం అనుకునేవాళ్ళూ 34 అంగుళాల పైన వెడల్పున్నది చూసుకోండి, దీని మీద నిలబడటం వద్దు.

రెండోది స్క్రూలు. రాడ్ హోల్డర్లకీ సీటు కొక్కేలకీ వేసినవి మామూలు స్టీలు, ఉప్పుగాలికి రెండు నెలల్లో ఎర్రబడి కారిపోయాయి, ఒక కొక్కెం పాయ మధ్యలో ఊడి చేతికొచ్చింది. అన్నీ పీకేసి 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్క్రూలు వేయించా. హార్డ్‌వేర్ షాపులో స్టెయిన్‌లెస్ అంటే 304 ఇస్తారు, అది మంచినీళ్ళకి బానే ఉంటుంది, ఉప్పునీళ్ళకి 316 అని గట్టిగా అడగండి. ప్రతి కన్నం చుట్టూ మెరైన్ సిలికాన్ పెట్టండి, లేకపోతే బోటు పొట్టలోకి నీళ్ళు చేరతాయి, బయటికి కనపడవు, బరువు మాత్రం పెరిగిపోతూ ఉంటుంది.

తెడ్డు అల్యూమినియం గొట్టం, 220 సెంటీమీటర్లు. ఎండకి కాలిపోతుంది, ఏప్రిల్‌లో చేతికి గుడ్డ లేకుండా పట్టుకోలేం. సైకిల్ హ్యాండిల్‌కి చుట్టే టేపు చుట్టాను, అయిపోయింది. ఎత్తు సీటు వేసుకున్నాక మాత్రం 240 తెడ్డు తీసుకోవాలి, పాతది నీళ్ళకి అందదు.

ఇక లంగరు. కూడా వచ్చిన మడత లంగరు మన బురదలో ఒట్టిదండి. పట్టుకుంటే ఊడిరాదు, పట్టుకోకపోతే జారుతూనే ఉంటుంది, పైకి తీస్తే బుట్టెడు బురద ఒళ్ళోకి. దాని బదులు ఎనిమిదడుగుల వెదురు గెడ వాడండి. మనవాళ్ళు పడవలకి ఎప్పట్నుంచో వాడేదే కదా. గట్టు పక్కన లోతు తక్కువ చోట బురదలోకి దించి, పడవ వెనక కొసకి తాడుతో ముడేస్తే కదలదు, ముడి ఒక్క లాగుతో ఊడేలా ఉండాలి, చేప పరిగెడితే వెంటనే వదిలేయొచ్చు. ఇక్కడ ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి, గెడ గానీ లంగరు గానీ పడవ పక్కన ఎప్పుడూ కట్టకండి. పాటు లాగుడుకి పడవ అడ్డం తిరిగి ఆ పక్క నీళ్ళలోకి ఒంగి బోల్తా కొడుతుంది. ముందు కొసకో వెనక కొసకో మాత్రమే కట్టాలి.

నడక సంగతి చెప్పాలంటే, పదడుగుల బోటు ఇరుకు కాలవల్లో ఇట్టే తిరుగుతుంది, అదే గుణం పెద్ద పాయలో బాధ. తెడ్డు ఆపగానే ముక్కు పక్కకి తిరిగిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం సముద్రపు గాలి లేచిందంటే, అదీ పాటుకి ఎదురు వీస్తే, అలలు పొట్టిగా నిటారుగా లేస్తాయి, అప్పుడు వసిష్ఠలో అవతలి ఒడ్డుకి పోవాలంటే చేతులు పడిపోతాయి. నేను తెల్లారగట్ల దిగి ఎండెక్కేలోపు గట్టు చేరతాను. మొగ దాటి సముద్రం వైపు ఈ బోటు వేసుకుని పోకండి, పాటు లాక్కెళ్ళిపోతే తెడ్డుతో వెనక్కి రాలేరు. లైఫ్ జాకెట్ సీటు కింద పెట్టుకునేది కాదు, వేసుకునేది. ఈత వచ్చినవాళ్ళకి కూడా.

వరదల్లో అసలు దిగొద్దు. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి ఇస్తారు, కానీ అంతదాకా ఆగక్కర్లేదు, ఎర్రనీళ్ళు వచ్చాయంటేనే బోటు షెడ్డులో పెట్టేయండి. ఆ నీళ్ళలో దుంగలు, గుర్రపు డెక్క దిబ్బలు దిబ్బలుగా కొట్టుకొస్తాయి, ల్యూర్ ఎలాగూ చేపకి కనపడదు. అప్పుడు పులస వాళ్ళ సీజను, వాళ్ళ వలలు నది అడ్డంగా ఉంటాయి, మనం పోయి వాళ్ళ పనికి అడ్డం పడకూడదు. నీళ్ళు తేరాక నవంబరు నుంచీ నాకు బాగా పడ్డాయి.

వలల సంగతి ఎత్తాను కాబట్టి. బెండ్లు వరసగా కనపడితే వాటి మీదుగా పోకండి, చుట్టూ తిరిగి పోండి. కాలవ మొగలో వల కట్టి ఉంటే ఆ కాలవ ఆ రోజుకి వాళ్ళది. మనం సరదాకి వచ్చినవాళ్ళం, వాళ్ళకి అది ఇంటి బియ్యం. ఈ మర్యాద పాటిస్తే ఎక్కడ దిగాలో, ఎక్కడ మునిగిన రాళ్ళున్నాయో వాళ్ళే చెప్తారు. కోరంగి అభయారణ్యం లోపల మాత్రం గేలం తీయకండి, అనుమతి లేకుండా అక్కడ వేట కుదరదు. బావురు పిల్లులూ నీటికుక్కలూ ఆ చేపల మీదే బతుకుతున్నాయి. అక్కడ అటవీ శాఖ బోటు ఎక్కి చూసి రండి, మడలు ఎలా ఉంటాయో తెలుస్తుంది.

పట్టిన చేపని ఏం చేయాలి అనేది ఎవరిష్టం వాళ్ళది గానీ ఒకటి చెప్తాను. పండుగప్ప ముందు మగదిగా పెరుగుతుంది, కొన్నేళ్ళకి బాగా ఎదిగాక ఆడదిగా మారుతుంది. అంటే ఆ పెద్ద పెద్దవి గుడ్లు పెట్టే తల్లులు. వర్షాకాలంలో మొగల దగ్గర ఉప్పునీళ్ళలో గుడ్లు పెడతాయి, పిల్లలు మళ్ళీ పాయల్లోకి ఎక్కొస్తాయి. ఇంట్లో పులుసుకి రెండు కిలోల చేప చాలు, రుచి కూడా దాందే. పది కిలోలది పడితే ఫోటో తీసుకుని వదిలేయండి. కయాక్ మీద వదలడం తేలిక కూడా, చేప నీళ్ళకి జానెడు ఎత్తులోనే ఉంటుంది, గేలం తీసి కింది పెదవి పట్టుకుని ప్రవాహానికి ఎదురుగా కాసేపు ఆడిస్తే తనే తోక కొట్టి పోతుంది. గేలం ముల్లు ముందే పటకారుతో నొక్కేసి పెట్టుకోండి.

గాలి కొట్టే బోటు తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు, ధర సగం కదా అని. పైన మంచినీళ్ళ కాలవల్లో కొర్రమీనుకి అయితే తీసుకోండి, ఏప్రిల్, మే నెలల్లో కాలవలు కట్టేస్తారు కాబట్టి మిగతా రోజుల్లోనే. కింద పాయల్లో వద్దు. వంతెన స్తంభాలకి ఆల్చిప్పలు అతుక్కుని ఉంటాయి, బ్లేడు అంచులు, మడ చుట్టూ వేర్లు మేకుల్లా పైకి లేచి ఉంటాయి. నా బోటు అడుగున గీతలు లెక్కలేనన్ని, ఒక్కటీ లోపలికి దిగలేదు. కాళ్ళతో తొక్కే పెడల్ కయాక్ కూడా చూశాను, లోతు నీళ్ళలో చేతులు ఖాళీగా ఉండటం గొప్ప సుఖమే, కానీ కింద రెక్కలకి రెండడుగులైనా నీళ్ళు కావాలి, పాటులో కాలవ మొగ దగ్గర అంత ఉండదు, పైగా ధర మూడింతలు.

దింపడానికి రేవు చూసుకోండి. పాటులో చాలా రేవుల్లో మెట్లు అయిపోయాక మోకాల్లోతు బురదే, 26 కిలోల బోటు ఒక్కరే లాగడం నరకం. పంటు, అంటే జనాన్నీ బళ్ళనీ దాటించే పెద్ద పడవ, తిరిగే రేవుల్లో దిగుడు గట్టిగా ఉంటుంది గానీ పంటు దారికి దూరంగా ఉండండి, సరంగుకి మనం కనపడం. ముందు కొసకి పదడుగుల తాడు కట్టుకుంటే బురద మీద అదే జారుతూ వస్తుంది.

అమలాపురం, రాజోలు చుట్టుపక్కల వాళ్ళు ఎవరైనా కొనేముందు ఒకసారి కూర్చుని చూడాలనుకుంటే కింద రాయండి, పాటు పొద్దున్నే పడే ఆదివారం చూసి చెప్తాను. లైఫ్ జాకెట్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి, నా దగ్గర ఒక్కటే ఉంది.